బొమ్మకంటే ముందు వచ్చిన మాట

చెన్నై
9 జూన్ 2025

మామకు నీ లాస్య నమస్తే. అత్తకు ఇంకో రెండు ఎక్కువ.

ఇది ఫోన్ చేసి చెప్పాల్సిన సంగతి. కానీ ఫోన్‌లో నేనొక్కదాన్నే మాట్లాడితే అటువైపు నీ ఊపిరి మాత్రమే వినిపిస్తుంది. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ ఊపిరి వింటే నాకు ఏడుపొస్తుంది, నా ఏడుపు వింటే నీకు కోపమొస్తుంది. వాట్సాప్‌లో రాస్తే టైపు కొట్టిన మాటకు దస్తూరీ ఉండదని ముఖం తిప్పుకుంటావు. అందుకే కాగితం కొనుక్కొచ్చాను.

వచ్చే ఆదివారం నుంచి జాతీయ బైక్ రేసులకు ఫోన్ యాప్‌లో తెలుగు కామెంటరీ మొదలవుతుంది. చెప్పేది నేనే. పక్కన జయకృష్ణ అనే మాజీ రైడర్ ఉంటాడు. పిల్లల పుట్టినరోజులకు గో-కార్ట్ ట్రాక్ దగ్గర మైకు పట్టుకుని "ఎర్ర బండి ముందుంది" అని అరిచిన దాన్ని. తర్వాత ర్యాలీల్లో దుమ్ము తింటూ ఫలితాలు చదివాను. ఇంగ్లిష్ కామెంటేటర్ల పక్కన కూర్చుని పేర్లు అందించాను. ఇప్పుడు మైకు నాది, భాష నాది. నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న ట్రయల్ కోసం కామెంటరీ బాక్సులో కూర్చోబెట్టారు. బండ్లన్నీ వరసగా నిలబడతాయి. ఎర్ర దీపాలు వెలిగి, ఒక్కసారిగా ఆరిపోతాయి. అంతే మామా, నా ముందున్న అద్దం వణికింది, టీ కప్పులో అలలు లేచాయి, ఆ మోత చెవుల్లో కాదు ఛాతీలో మోగింది. మలుపులో రైడర్ నేలకు ఎంత వాలతాడంటే మోకాలు రోడ్డును రాసుకుంటూ పోతుంది. మనిషన్నవాడు ఇంత ధైర్యం ఎక్కడ దాచుకుంటాడో అని చూస్తూ ఉండిపోయాను. మాట్లాడటానికి వచ్చానన్న సంగతే మరిచిపోయాను.

స్కూలు అయ్యాక నీ వేలం హాల్లో బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని కదా. పైన నీ గొంతు పరుగెత్తేది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం అక్కడే పట్టుబడింది. ఆదివారం తప్పకుండా విను. ఎట్లా ఉందో రాయి, మొహమాటం వద్దు.

బల్ల కింది లాస్య

—

చిలకలగూడ
17 జూన్ 2025

బిడ్డా లాస్యా,

ఆదివారం నుంచి ఇంట్లో నీ మాటే.

ముందు మా ఏర్పాటు చెప్తాను. టీవీలో రేసు ఇంగ్లిష్‌లో వస్తోంది, నీ గొంతు ఫోన్‌లోనే వస్తోంది. కాబట్టి మీ అత్త కాంతమణి టీవీ నోరు మూసేసి, ఫోన్‌ను ఖాళీ ఇత్తడి చెంబులో నిలబెట్టింది. చెంబులోంచి నీ గొంతు ఇల్లంతా మోగింది. నేను పాత వేలం సుత్తి పట్టుకుని కూర్చున్నాను. మాట పోయాక నాకు అదే నోరు. ఒక దెబ్బ అంటే టీ, రెండు అంటే "చాల్లే, వింటున్నా". మీ అత్తకు రెండో దెబ్బే ఎక్కువ వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. "దీపాలు ఆరాయి, బయలుదేరారు" అని నువ్వన్నావు. టీవీలో దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. గుటక మింగేంతలో ఆరాయి. పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. రెండో చుట్టులో "పసుపు బండి లోపలి నుంచి దూరింది" అన్నావు. పసుపు బండి వెనకే ఉంది. చూస్తుండగానే దూరింది. మీ అత్త చేతిలో పకోడి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. రేసు అయిపోయేదాకా ఇదే వరస. నువ్వు అంటున్నావు, అది జరుగుతోంది.

నేను కూడా కొంత చూసినవాణ్నే. బదిలీ మీద పోయే కల్నల్ సామాను వేలానికి వస్తే హాలు నిండిపోయేది. ఎవరు పాట పెంచుతారో చెయ్యి లేవకముందే నాకు తెలిసేది. చేతుల్ని చూస్తే ఆలస్యమైపోతుంది బిడ్డా, చెప్పుల్ని చూడాలి. పాడదలచిన మనిషి చెప్పు ముందు కదులుతుంది, చెయ్యి తర్వాత లేస్తుంది. ఆ చూపు నీకు నా నుంచే వచ్చి ఉంటుంది. కానీ నేను చూసింది కుర్చీల్లో కూర్చున్న మనుషుల్ని. నువ్వు చూస్తున్నది పిడుగుల్ని. నిజం చెప్తున్నా, నా చెల్లెలి కూతురికి దండం పెట్టాలనిపించింది.

ఒక్కటి మరవకు. వేలంలో "మూడోసారి" అనే ముందు హాలంతా ఒకసారి చూడాలి. అన్నాక ఆ మాట వెనక్కి రాదు.

ఇట్లు,
సుత్తితో మాట్లాడే నీ మామ హరికిషన్

—

చెన్నై
2 జూలై 2025

మామా,

నీ ఉత్తరం రైలు కంటే నెమ్మదిగా వచ్చింది కానీ, వచ్చాక మూడు పూటలు అన్నం అక్కర్లేకపోయింది. నేను అన్నాక జరుగుతోందని ఎంత చక్కగా పొగిడావు! నువ్వు ఊరికే పొగిడే మనిషివి కాదు. వేలంలో కుంటి కుర్చీని కుంటిదనే చెప్పి అమ్మినవాడివి.

నీ మాట పట్టుకుని నేను చెప్పులు వెతకడం మొదలుపెట్టాను. జయకృష్ణను అడిగితే, "భుజం చూడండి, దాటదలచినవాడు ముందు మలుపులోనే భుజం దించుతాడు" అన్నాడు. పాత రేసులన్నీ మళ్లీ మళ్లీ చూస్తున్నాను. నిజంగానే కనిపిస్తోంది మామా. ఇప్పటిదాకా జరిగినదే చెప్పాను. ఇక జరగబోయేది కూడా చెప్తాను. నువ్వు నాలో ముందే చూసినదాన్ని నేను ఇప్పుడు అందుకుంటున్నాను.

మన ఊరి కాప్రా కుర్రాడొకడు రైడర్లలో ఉన్నాడు, జెరెమియా. వాళ్ల నాన్న దేవసహాయం ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యాడట. ఈ అబ్బాయి మలుపు తీసుకునే తీరు చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. బండి వాలుతుంది, తల మాత్రం నిటారుగా, ఇంటి గుమ్మం వైపు చూస్తున్నంత నిమ్మళంగా ఉంటుంది. మొన్న బాక్సు దగ్గరకొచ్చి, "అక్కా, మా నాయన మీ తెలుగు కోసమే రేసు చూస్తుండు. అంతకుముందు నేను ఏం చేస్తున్ననో ఆయనకు సమజే కాలే" అన్నాడు. ఆ మాటకు కళ్లు నిండాయి.

అత్తకు చెప్పు, పకోడీలు చల్లారనివ్వొద్దని.

లాస్య

—

చిలకలగూడ
8 ఆగస్టు 2025

బంగారు తల్లీ,

జూలై రేసు సరిగ్గా లష్కర్ బోనాల పండగ నాడే వచ్చింది. ఇంటి నిండా చుట్టాలే. చెంబు నడుమ పెట్టుకుని అందరం కూర్చున్నాం. నువ్వు "గెలిచాడు" అనగానే నేను సుత్తి కొట్టాను. అందరూ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు, ఎందుకంటే టీవీలో వాడు ఇంకా చివరి మలుపులోనే ఉన్నాడు. మరుక్షణం వాడే గెలిచాడు. కొందరు చెంబు వైపు చూసి చేతులు జోడించారు, నేను ఆపలేదు.

మర్నాడు మీ అత్త మహంకాళి గుడిలో రంగం నాటి భవిష్యవాణి విని వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒకటే మాట. "రంగం చెప్పే తల్లి పచ్చికుండ మీద నిలబడి చెప్తది. మన పోరి కుర్చీల కూసొని చెప్తుంది. గిది ఊకె వచ్చే విద్య కాదు, జెర భయమైతుంది" అంటోంది. ఆమె భయానికి కారణముంది. తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతుంటారని, మనం ఏమంటే దానికి తథాస్తు అంటారని ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న నమ్మకం. నేను నవ్వాను, కానీ పూర్తిగా నవ్వలేకపోయాను. తానే ఒక మాట రాస్తానని కలం లాక్కుంటోంది.

*లాస్యా, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. నీ నోట్లో ఏదో ఉంది బిడ్డా. పడతారు, గుద్దుకుంటారు అనే మాటలు అనకు. ఆ పిల్లలు కూడా తల్లులు కన్నవాళ్లే. – అత్త*

కలం తిరిగి నా చేతికొచ్చింది. మీ అత్త దస్తూరీ చూశావుగా, బెదిరింపు ఉత్తరంలా ఉంటుంది. నీ పని నువ్వు చెయ్యి.

మామ

—

చెన్నై
13 ఆగస్టు 2025

మామకు,

ఆదివారం మీరు చూసే ఉంటారు. పొద్దున జల్లు పడింది. మూడో మలుపులో తారు ఆరలేదు. అక్కడ బండ్ల వెనక చక్రాలు కొద్దిగా ఊగడం చూశాను. "ఈ మలుపు ఇవాళ ఎవరో ఒకరిని పడేస్తుంది" అని మైకులో అన్నాను. తరువాతి చుట్టులోనే జెరెమియా పడ్డాడు.

"జెరెమియా పడ్డాడు" అన్నాను. అంతే, నా నోరు పెగల్లేదు. జయకృష్ణ ఏదో అనబోతే అతని మైకు మీద చెయ్యి పెట్టేశాను. జెరెమియా కంకర మీద పడి ఉన్నాడు. నేను చూస్తూ ఉన్నాను. ఎంతసేపో తెలియదు. గ్లవ్సు తొడిగిన చెయ్యి కదిలింది. "చెయ్యి కదిలింది" అన్నాను. అంతకు మించి ఒక్క మాట కూడా నాకు రాలేదు.

భుజం ఎముక, తొడ ఎముక విరిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు. మళ్లీ బండి ఎక్కుతాడో లేదో చెప్పలేమన్నారు.

నిన్న మీ ఉత్తరం వచ్చింది. అత్త రాసింది చదివాను. ఆమె తిట్టడం న్యాయమే. పడతారని నేనే అన్నాను, పడ్డాడు. నేను అన్నదే జరుగుతుందని నువ్వు మొదటి నుంచీ రాస్తూనే ఉన్నావు, నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.

ఇక నేను మైకు ముందు నోరు తెరవలేను మామా.

లాస్య

—

చిలకలగూడ
18 ఆగస్టు 2025

తల్లీ,

ముందు ఆ ఉత్తరం తీసి పైన తారీఖు చూడు. ఎనిమిది. జెరెమియా పడింది పదో తారీఖున. నిన్ను తిట్టడానికి మీ అత్త రాయలేదు, అప్పటికి ఆమెకు ఏమీ తెలియదు. నీ జాబు చదివాక అన్నం ముట్టకుండా కూర్చుంది. "నా చెయ్యి విరిగిపోను, గా మాట ఎందుకు రాసిన" అంటోంది. నీకు నమ్మకం కుదిరేదాకా ఆమెకు నెమ్మది ఉండదు.

రెండోది చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నిన్న మధ్యాహ్నం టీవీలో ఏదో రేసు ఉంటే పెట్టాం. ఫోన్‌లో దానికి కన్నడ కామెంటరీయే వస్తోంది, అయినా చెంబులో అలవాటుగా పెట్టేశాం. మీ అత్త రిమోట్ మీద కూర్చుంది. మూసేసిన టీవీ నోరు తెరుచుకుంది. ఫోన్‌లో ఒకడు అరిచాడు. గుటక మింగేంత సేపయ్యాక అదే సంగతికి టీవీలో ఇంగ్లిష్‌వాడు అరిచాడు. మళ్లీ అంతే, మళ్లీ అంతే. నేను, మీ అత్త ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

పక్కింటి సత్యదేవ్‌ను పిలిచాం. ఫోన్‌లో గొంతు దగ్గరి దారిలో వస్తుందట, టీవీలో బొమ్మ చుట్టూ తిరిగి వస్తుందట. అంటే నువ్వు జరిగినదే చెప్తున్నావు, మాకు బొమ్మ వెనక వస్తోంది. కావాలంటే రెండూ కలిసేట్టు సరిచేస్తానన్నాడు. ఇన్నాళ్లూ చెంబుకు దండాలు పెట్టిన మా తెలివిని ఏమనాలి? వేలంలో నన్నెవరూ మోసం చెయ్యలేదు, ఇంట్లో చెంబు చేసింది.

కాబట్టి నీ నోట్లో మంత్రం లేదు, శాపమూ లేదు. లేచి మొహం కడుక్కో.

మొద్దు మామ

—

చెన్నై
23 ఆగస్టు 2025

మామా,

చెంబు సంగతి చదివి నవ్వాను. చాలా రోజులకు నవ్వాను. అత్తను అన్నం తినమను. ఆమె మీద నాకు కోపం ఏనాడూ లేదు.

కానీ నువ్వు చెప్పినది నాకు సరిపోదు. మిగతావన్నీ జరిగాక చెప్పాను, ఒప్పుకుంటాను. ఆ మూడో మలుపు మాట మాత్రం నిజంగా ముందే అన్నాను. దానికి బొమ్మతో పనిలేదు. నీ ఉత్తరం చదివాక నేను జరగబోయేవి వెతకడం నేర్చుకున్నాను, చూశాను, అన్నాను. పడినవాడు జెరెమియా. తమ్ముడిలా చూసుకున్నవాడు.

పైగా పడ్డాక నేను ఊరుకుండిపోయాను. మైకు ఉన్నదే మాట్లాడటానికి, అంతసేపు శబ్దం లేకపోతే జనం యాప్ మూసేస్తారని పైవాళ్లు అన్నారు. అది కూడా నిజమే. అనకూడనిది అన్నాను, అనాల్సినప్పుడు నోరు మూసుకున్నాను. సెప్టెంబరు పద్నాలుగున చివరి రేసు. జయకృష్ణనే చెప్పమన్నాను. వాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు, నేను ఆలోచించడం లేదు.

జెరెమియాను కాప్రాకు తీసుకెళ్లారట. ఫోన్ చేయడానికి ధైర్యం చాలడం లేదు.

లాస్య

—

చిలకలగూడ
31 ఆగస్టు 2025

లాస్యా,

నీకు ధైర్యం చాలకపోతే మాకు చాలింది. నిన్న నేను, మీ అత్త కాప్రా వెళ్లాం. దారంతా ఆమె, "వాళ్లు మనల్ని ఏమన్న అంటే ఊకోవాలె, సుత్తి గిట్ల తియ్యకు" అని నాకు బుద్ధులు చెప్పింది. నేను రాసి మాట్లాడే పలక పట్టుకుని కూర్చున్నాను.

చెరువుకు దగ్గర్లోనే రెండు గదుల ఇల్లు. జెరెమియా మంచం మీద ఉన్నాడు, చెయ్యి కట్టి ఉంది. నీ గురించి అడిగాడు. వాళ్ల నాన్న దేవసహాయం పొడుగు మనిషి, ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన భుజాలు. నేను ఎవరో పలక మీద రాసి చూపించాను. "లాస్య మేనమామను" అని. చదివి ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మీ అత్త భయపడి లేచి నిలబడింది.

ఆయన అన్న మాటలు నేను మార్చకుండా రాస్తున్నాను. ఇంటికొచ్చేదాకా మరిచిపోకుండా మీ అత్త వాటిని అప్పజెప్తూ, నేను పలక మీద రాస్తూ వచ్చాం.

వాళ్లింట్లోనూ మన ఏర్పాటే. టీవీలో బొమ్మ, ఫోన్‌లో నువ్వు. వాళ్ల టీవీకి వచ్చే నెట్ ఇంకా నెమ్మది, బొమ్మ మనకంటే చాలా వెనక వస్తుంది. ఆయనకు ఆ సంగతి మొదటి రోజే తెలుసట. బస్సులో వెనక కూర్చున్నవాడికి కుదుపు ఆలస్యంగా తెలుస్తుంది కదా అన్నాడు. మనలా చెంబుకు మొక్కలేదు.

"గా దినం బిడ్డ గొంతు వచ్చింది, జెరెమియా పడ్డడని. టీవీల చూస్తే నా కొడుకు ఇంక నడుపుతనే ఉన్నడు సార్. మంచిగ, తల లేపి. వాడు పడతడని నాకు తెలుసు, వాడికి తెల్వదు. ఆపరా అని టీవీకి చెయ్యి అడ్డం పెట్టిన. ఫోన్‌ల సప్పుడు లేదు. గా నడుమ ఎవలన్న అయ్యో అని ఉంటే నా గుండె ఆగిపోతుండె. బిడ్డ ఏం అనలే. ఆమె చూస్తుందని నాకు సమజైంది. చూడకుంట ఏం చెప్పదని గూడ సమజైంది. అప్పుడు చెయ్యి కదిలింది అన్నది. గా మాట ఇన్నంక టీవీల వాడు పడ్డడు."

మీ అత్త అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా కండ్ల ముందట నా కొడుకు పడేటాల్లకు, వాడు బతికిండని నాకు తెలుసు సార్. ఏ తండ్రికి దొరుకుతది గట్ల?"

బిడ్డా, జీవితమంతా నేను మూడోసారి అనే ముందు హాలంతా చూశాను. అమ్మింది బీరువాలు, కుర్చీలు. నువ్వు ఆగి చూసింది ఒక తండ్రి కొడుకును. పైవాళ్లు దాన్ని ఖాళీ అంటే అననీ. నేను నీకు నేర్పిన దాంట్లో మంచిది ఏదైనా ఉంటే అదే, నేను నేర్పిన దానికంటే పెద్దగా చేసి చూపించావు.

మూడో మలుపు మాట కూడా పలక మీద రాసి అడిగాను. జెరెమియాయే జవాబు చెప్పాడు. "రోడ్డు పచ్చిగుందని అక్క చూసింది. నేను సుత చూసిన. చూసి గూడ గేర్ మార్చలే. తప్పు నాది, జల్లుది. అక్కది ఏముంది?" చెప్పు కదలడం నేను చూసినంత మాత్రాన చెయ్యి నేను లేపించినట్టు కాదు కదా తల్లీ. ఇన్నేళ్లు వేలం వేసి ఆ ముక్క ముందే నీకు రాయకపోయాను.

లేవబోతూ ఒక మంచి పని చేద్దామనుకున్నాను. సత్యదేవ్‌ను పంపి ఫోను, బొమ్మ కలిసేట్టు చేయిస్తానని పలక మీద రాశాను. దేవసహాయం చదివి తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సార్. గట్లనే ఉండనియ్యి. నా కొడుకు మళ్ల బండి ఎక్కుతడు. నాకు బిడ్డ మాటనే ముందు రావాలె."

ఇక నీ ఇష్టం.

నీ మామ హరికిషన్

*లాస్యా, నేను రాసిన ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నీ నోరు మంచిదే. – అత్త*

—

చెన్నై
15 సెప్టెంబరు 2025

మామా, అత్తా,

నిన్న మీరు వినే ఉంటారు. వెళ్లాను. కూర్చోగానే జయకృష్ణ నీళ్ల సీసా నా వైపు జరిపాడు. దీపాలు ఆరాయి. అద్దం వణికింది, టీలో అలలు లేచాయి, ఛాతీలో అదే మోత. మొదటి రోజు లాగే నోరు తెరుచుకుని ఉండిపోదామనిపించింది. కానీ అటు కాప్రాలో ఒకాయన ఫోన్ దగ్గర చెవి పెట్టుకుని ఉన్నాడు, జెరెమియా మంచం మీద ఉన్నాడు, మీ చెంబు ఉంది. బొమ్మ ఇంకా దారిలోనే ఉంది. అప్పటిదాకా మీ అందరికీ నేనే కళ్లు.

మూడో మలుపులో ఎండ కాస్తోంది. అయినా ప్రతి చుట్టులో అక్కడ నా మాట కొంచెం ఆగింది. చూశాను, అందరూ దాటారు, "దాటారు" అని చెప్పాను. పైవాళ్లు ఈసారి ఏమీ అనలేదు. అన్నా ఆగేదాన్నే.

రాత్రి జెరెమియా నాన్న ఫోన్ చేశాడు. మంచిగ చెప్పినవ్ బిడ్డా అన్నాడు. ఇద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ కాసేపు ఉన్నాం. ఏడుపు రాలేదు మామా. ఇకనుంచి నీకు కూడా ఫోన్ చేస్తాను, నువ్వు ఊపిరి తియ్యి చాలు.

సత్యదేవ్ వస్తే టీ ఇచ్చి పంపించెయ్. మన టీవీని కూడా ముట్టుకోనివ్వకు.

లాస్య